గంగాళంలో మనిషి, చేతిలో సమ్మెట: ‘గెటింగ్ ఓవర్ ఇట్’ ఆడే పద్ధతి

ఆట తెరవగానే, నడుము వరకు నల్లని ఇనుప గంగాళంలో కూరుకుపోయిన ఒక బట్టతల మనిషి కనిపిస్తాడు. ఒంటి మీద చొక్కా ఉండదు, కాళ్ళు బయటకు కనబడవు. చేతుల్లో పొడవాటి కామ ఉన్న సమ్మెట ఒకటి ఉంటుంది. కుడివైపు ఒక ఎండిన చెట్టు, దాని వెనుక బండలు, ఆ పైన తెరకు అందనంత ఎత్తున కొండ ఉంటాయి. ఆ సమ్మెటను ఊతంగా చేసుకొని గంగాళంతో సహా కొండ శిఖరానికి చేరడమే ఈ ఆటలోని పని అంతా. శత్రువులు లేరు, నాణేలు లేవు, సమయానికి గడువు లేదు. నొక్కడానికి ఒక్క మీట కూడా లేదు. మౌస్‌ను ఎటు జరిపితే సమ్మెట అటు జరుగుతుంది, అంతే. ఇంత తక్కువ సరంజామాతో మనిషిని ఇంతగా ఏడిపించే ఆట మరొకటి నా ఎరుకలో లేదు.

దీని పూర్తి పేరు ‘గెటింగ్ ఓవర్ ఇట్ విత్ బెన్నెట్ ఫాడీ’. ఫాడీ ఆస్ట్రేలియాలో పుట్టి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆటల రూపకల్పన బోధించిన వ్యక్తి. 2008లో ఆయన చేసిన ‘క్వాప్’ అనే ఆటలో పరుగు పందెగాడి తొడలను, పిక్కలను నాలుగు మీటలతో విడివిడిగా కదిలించవలసి వచ్చేది, వంద మీటర్లు పరుగెత్తడం మాట అటుంచి నాలుగు అడుగులు వేయించడమే గగనమయ్యేది. 2017లో వచ్చిన ఈ ఆట ఆ ఆలోచనకే కొనసాగింపు. దీనికి మూలం 2002 నాటి ‘సెక్సీ హైకింగ్’ అనే చిన్న ఆట అనీ, దానిని చేసిన జాజువో అనే చెక్ రూపకర్తకు ఇది తన నివాళి అనీ ఫాడీయే ఆట మొదట్లో తన గొంతుతో చెబుతాడు. గంగాళంలోని మనిషి పేరు డయోజెనీస్. పెద్ద మట్టి బానలో కాపురం ఉన్నాడని చెప్పుకొనే ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త పేరు అది. ఆ కథ తెలిసి ఉంటే గంగాళం ఎందుకో అర్థమవుతుంది, తెలియకపోయినా ఎక్కడానికి అడ్డేమీ లేదు.

దించుకునే ముందు

కంప్యూటరు కోసం దీనిని స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొని దించుకోవచ్చు, విండోస్ మీదా మ్యాక్ మీదా నడుస్తుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లకు 2017 డిసెంబరులోనే వచ్చింది, ఆండ్రాయిడ్‌కు 2018 ఏప్రిల్‌లో వచ్చింది. ఫోన్లో వేలితో ఆడేది కూడా ఈ కొండనే, ఇదే సమ్మెటతోనే. అయినా మొదటిసారి ఎక్కేవారికి కంప్యూటరు, మౌస్ ఉన్న ఏర్పాటునే నేను సిఫారసు చేస్తాను. వేలు తెరలో కొంత భాగాన్ని కప్పేస్తుంది, చెమట పడితే అద్దం మీద జారుతుంది కూడా, పైగా మణికట్టుకు ఉన్నంత సూక్ష్మమైన అదుపు వేలి కొసకు రావడానికి చాలా రోజులు పడుతుంది. ల్యాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్ మీద ఆడటం సాధ్యమే కాని, దానిని రెండోసారి శిఖరం చేరిన తరువాత సరదాకు అట్టిపెట్టుకోవడం మంచిది. ఉచితం అంటూ బయటి సైట్లలో తిరిగే ఏపీకే ఫైళ్ళ (ఆండ్రాయిడ్ ఫోన్లో నేరుగా ఎక్కించుకునే ఫైళ్ళ) జోలికి వెళ్ళకండి. వాటిలో కొన్ని అసలు ఆటే కావు, గంగాళం బొమ్మను మాత్రం అరువు తెచ్చుకున్న అనుకరణలు.

మౌస్ కింద పరచుకునే ప్యాడ్ కనీసం బడిపిల్లల లాంగ్ నోట్‌బుక్కును తెరిచి పెట్టినంత వెడల్పు ఉండాలి. కీబోర్డుతో ఈ ఆటలో పని లేదు కనుక దానిని పక్కకు నెట్టేసి, ఆ జాగా కూడా మౌస్‌కే ఇవ్వవచ్చు. సెట్టింగ్స్‌లో మౌస్ సెన్సిటివిటీ అనే పట్టీ ఉంటుంది, ముందుగా దానిని మీ చేతికి సరిపడేలా అమర్చుకోవాలి. మోచేతిని బల్ల మీద కదలకుండా ఆనించి, మణికట్టుతో మాత్రమే ఒక సున్నా చుట్టి చూడండి. ఆ ఒక్క సున్నాకు తెర మీది సమ్మెట కూడా మనిషి చుట్టూ ఒక్క పూర్తి చుట్టు తిరగాలి. సగం చుట్టే తిరిగితే సెన్సిటివిటీ తక్కువైందని అర్థం, ప్రతి లాగుడుకూ భుజం నొప్పి పుడుతుంది. కొంచెం కదిపితేనే సమ్మెట అటూ ఇటూ కొట్టుకుంటే అది ఎక్కువైందని అర్థం, సన్నని అంచుల మీద పట్టు దొరకదు. ఒకసారి కుదిరిన అమరికను మళ్ళీ మార్చకూడదు. పడిపోయిన ప్రతిసారీ సెన్సిటివిటీని మార్చేవారిని చూశాను. వాళ్ళ చెయ్యి ఎప్పటికీ ఒక అలవాటుకు రాదు.

ఇంకొక సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ ఆట చూసేది మౌస్ కదలికనే కాని, అది ప్యాడ్ మీద ఎక్కడ ఉందన్నది కాదు. కాబట్టి ప్యాడ్ అంచుకు చేరుకున్నప్పుడు, సమ్మెట దేనినో పట్టుకొని స్థిరంగా ఉన్న క్షణం చూసి, మౌస్‌ను పైకెత్తి మధ్యలో పెట్టుకోవచ్చు. సమ్మెట ఉన్నచోటనే ఉంటుంది. ప్రతి కష్టమైన దూకుడుకు ముందు ఇలా చెయ్యడం అలవాటు చేసుకుంటే, సగం లాగుడులో ప్యాడ్ అయిపోయి పడిపోయే దౌర్భాగ్యం తప్పుతుంది.

సమ్మెట ఆగితే మనిషి కదులుతాడు

ఈ ఆటలో నేర్చుకోవలసిన సూత్రం ఒక్కటే. సమ్మెట గాలిలో ఉన్నంతసేపు మౌస్ సమ్మెటను కదుపుతుంది. సమ్మెట తల దేనికైనా తగులుకొని ఆగిపోతే, అదే మౌస్ కదలిక సమ్మెటను కాక మనిషిని కదుపుతుంది, అదీ ఎదురు దిక్కుకు. పై కొమ్మకు సమ్మెటను తగిలించి మౌస్‌ను కిందికి లాగితే మనిషి పైకి లేస్తాడు. సమ్మెటను నేలకు ఆనించి మౌస్‌ను కిందికి నొక్కినా మనిషి పైకే లేస్తాడు. రెండు సందర్భాలలోనూ చెయ్యి కిందికే పోతుంది, ఒంటి బరువు పైకే వస్తుంది. అలాగే సమ్మెట ఒక అంచును పట్టుకొని ఉన్నప్పుడు మౌస్‌ను ఎడమకు జరిపితే మనిషి కుడికి పోతాడు. మొదటి గంటలో జరిగే పొరపాట్లన్నీ ఈ తిరకాసును చెయ్యి మరిచిపోవడం వల్ల జరిగేవే. కొండ కుడివైపున ఉంది కనుక చెయ్యి తనంత తానుగా మౌస్‌ను కుడికి తోస్తుంది, మనిషి వెనక్కి దొర్లుతాడు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడిని దగ్గరగా చూసినవారికి ఇది త్వరగా బోధపడుతుంది. నడుముకు మోకు ఉంటుంది, పాదాలకు బంధం ఉంటుంది. మోకు మీద బరువు వేసినప్పుడు పాదాలు పైకి జరుగుతాయి, పాదాలు బిగిసినప్పుడు మోకు పైకి జరుగుతుంది. రెండూ ఒకేసారి వదిలే క్షణం ఆ పనిలో ఉండదు. ఇక్కడ మనకు ఉన్న రెండు పట్లు సమ్మెట, గంగాళం. గంగాళం ఏదో ఒక గట్టు మీద కుదురుగా కూర్చున్న తరువాతే సమ్మెటను తీసి పై అంచుకు చాచాలి. సమ్మెట బిగిసిన తరువాతే గంగాళాన్ని గట్టు మీది నుంచి లేపాలి. రెండింటినీ గాలిలోకి వదిలే విసుర్లు కూడా ఆటలో తప్పవు, కాని వాటి సంగతి తరువాత.

చెట్టు దగ్గర మొదటి పాఠం

మొదటి చెట్టును దాటడానికి కొత్తవారికి పది నిమిషాలు పట్టవచ్చు, అరగంట కూడా పట్టవచ్చు. అక్కడ తొందరపడకుండా, దాటిన తరువాత కూడా కావాలనే వెనక్కి దిగి పదిసార్లు దాటితే, పైన గంటల కొద్దీ పడే అవస్థ తగ్గుతుంది. అందుకే ఈ ఒక్క కదలికను విడమరిచి చెబుతాను.

చెట్టు మొదలు దగ్గరికి చేరుకోవడానికి సమ్మెటను ముందు నేల మీద ఆనించి మౌస్‌ను ఎడమకు లాగుతూ పోవాలి, పడవను గెడతో తోసినట్టు. చెట్టు కిందికి చేరగానే మౌస్‌ను పైకి, కొంచెం కుడికి జరిపి, సమ్మెట తలను కొమ్మ మీదుగా అవతలకు పంపాలి. తల కొమ్మను దాటినట్టు కంటికి కనిపించాకే కిందికి లాగడం మొదలుపెట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడి తలను కొమ్మ అడుగున కొట్టి, తామే కింద పడతారు. మౌస్‌ను నెమ్మదిగా కిందికి లాగుతూ పోతే మనిషి పైకి తేలుతాడు. గుండెలు కొమ్మ ఎత్తుకు రాగానే ఆగాలనిపిస్తుంది, కాని ఆగకూడదు. అదే వేగంతో ఇంకా కిందికి లాగితే సమ్మెట తల మనిషికి దిగువన పడుతుంది, మనిషి కొమ్మకు పైన నిలుస్తాడు. అప్పుడు మౌస్‌ను ఎడమకు తిప్పితే గంగాళం కొమ్మ మీదుగా కుడివైపుకు దాటుతుంది. ప్యాడ్ మీద చెయ్యి గీసిన గీతను చూస్తే మొదట పైకి, తరువాత కిందికి, చివర ఎడమకు మళ్ళిన కొక్కెం ఆకారం కనబడుతుంది. కొండ మీద మీరు చేసే పనిలో ముప్పాతిక భాగం ఈ కొక్కేన్నే చిన్నదిగానో పెద్దదిగానో, కుడికో ఎడమకో గీయడం.

పూర్వం బావిలో జారిపోయిన బొక్కెనను పాతాళగరిగెతో తీసేవారు. నీళ్ళ అడుగున ఏముందో కంటికి కనబడదు కనుక, తాడు చేతికి ఇచ్చే బరువును బట్టి కొక్కెం తగిలిందో లేదో కనిపెట్టి, తగిలిందని రూఢి అయ్యాకే చేదేవారు. ఇక్కడ తెర మీద అంతా కనిపిస్తున్నా పద్ధతి మాత్రం అదే. మౌస్‌ను ఒక వెంట్రుకవాసి లాగి చూడండి. మనిషి కదిలితే కొక్కెం తగిలినట్టు. సమ్మెట కదిలితే జారుతున్నట్టు. ఆ పరీక్ష చెయ్యకుండా బలంగా లాగడం వల్లనే పెద్ద పతనాలు వస్తాయి.

రెండవ కదలిక గెంతు. సమ్మెటను నిలువుగా నేలకేసి ఒక్కసారిగా నొక్కితే మనిషి గంగాళంతో సహా ఎగురుతాడు. నెమ్మదిగా నొక్కితే కామ మీద నిలబడతాడు, వేగంగా నొక్కితే గాలిలోకి లేస్తాడు. ఎత్తును నిర్ణయించేది దూరం కాదు, వేగం. మూడవది విసురు. అంచుకు తగిలించి, లాగుతూ, పైకి చేరే చివరి క్షణంలో వేగం పెంచి వదిలేస్తే మనిషి ఆ ఊపులోనే పై గట్టు వరకు పోతాడు. ఈ రెండింటినీ చెట్టుకు ఇవతల చదును నేల మీదనే సాధన చెయ్యాలి. అక్కడ పడిపోవడానికి కిందు అంటూ ఏమీ లేదు.

బండలు, పొగగొట్టం, ఇంటి సామాను

చెట్టు దాటాక బండల గుట్ట వస్తుంది. అక్కడ కొక్కెం ఒక్కటి చాలు. బండ నున్నగా గుండ్రంగా ఉన్నచోట సమ్మెట నిలవదు. రెండు బండలు కలిసిన నెర్రెలోనో, అంచు కోసుగా ఉన్నచోటనో నిలుస్తుంది. కనుక ప్రతి కొత్త చోట ముందు ఆగి, ఎక్కడ కోసు ఉందో వెతకడం అలవాటు చేసుకోవాలి.

తరువాత వచ్చే నిలువు సందును ఆటగాళ్ళు ‘డెవిల్స్ చిమ్నీ’ అంటారు. చాలామంది ఆటను వదిలేసేది ఇక్కడే. రెండు రాతి గోడల మధ్య ఇరుకైన పొగగొట్టం లాంటి దారి అది, గోడకు ఒక దీపం బయటికి పొడుచుకొని ఉంటుంది. ఇరుకు చూసి భయపడనక్కరలేదు, నిజానికి ఆ ఇరుకే మనకు ఆసరా. జారుతున్నామని అనిపించగానే సమ్మెటను ఎదుటి గోడకు అడ్డంగా నొక్కిపెడితే గంగాళం వీపు వైపు గోడకు ఆనుకుంటుంది, జారడం ఆగుతుంది. కిందికి నొక్కవలసిన చోట పక్కకు నొక్కడం అనే ఈ అలవాటు చేతికి రావడానికి కొంత సమయం పడుతుంది. దీపం దగ్గర మాత్రం తగిలించిన వెంటనే లాగకూడదు. దాని మీద సమ్మెట కుదురుకున్నాక, నేరుగా కిందికి లాగి, మనిషి దానికి పైన నిలిచిన తరువాత చిన్న గెంతుతో పై అంచును అందుకోవాలి. ఎన్నిసార్లు తప్పినా పడేది సందు అడుగుకే కనుక, ఈ ఒక్కచోట మొండిగా ప్రయత్నించడం వల్ల నష్టం లేదు.

దానిపైన కట్టడం పని జరుగుతున్నట్టున్న చోటు, పిల్లలు జారే బల్ల, ఆపైన కుర్చీలు, బల్లలు గుట్టగా పోసినట్టున్న ఇంటి సామాను వస్తాయి. చూపుకు గందరగోళంగా ఉన్నా కోసు అంచులు పుష్కలంగా దొరుకుతాయి కనుక ఇది కొండ మొత్తంలో దయగల భాగం. జారుడుబల్ల మీద వాలు ఎక్కువ, కొక్కెం పట్టదు. దానిని పాకుతూ ఎక్కడానికి చూడకుండా, గట్టి గెంతుతో దాటడానికి చూడాలి.

నారింజ గోడ

ఇంటి సామాను దాటాక వచ్చే నిటారు గోడకు ఆటగాళ్ళు పెట్టిన పేరు ‘ఆరెంజ్ హెల్’. ఇక్కడి కష్టం ఎత్తు వల్ల కాదు, పడితే ఎక్కడికి పోతామన్న దాని వల్ల. ఇంతవరకు తప్పితే ఒక మెట్టు కిందికి పోయేవాళ్ళం. ఇక్కడ తప్పితే ఇంటి సామానులోకి పడవచ్చు, వాలు కుదరకపోతే దొర్లుకుంటూ మొదటి చెట్టు దాకా పోవచ్చు. ఈ ఆటలో చెక్‌పాయింట్లు, అంటే పడినా తిరిగి మొదలుపెట్టేందుకు మధ్యలో ఉండే మజిలీలు, లేవు. ఆట మీ స్థానాన్ని ఎప్పటికప్పుడు తనంత తానే సేవ్ చేసుకుంటుంది, కింద పడిన స్థానాన్ని కూడా. పడుతుండగా ఆటను మూసేసి తప్పించుకుందామన్నా కుదరదు.

నేను మొదటిసారి ఆ గోడను సగం ఎక్కిన రోజున, బల్ల మీద ఫోను మోగింది. ఎడమ చేత్తో ఫోను తీసి, కుడి చెయ్యి మౌస్ మీదనే ఉంచి ‘ఆఁ, చెప్పండి’ అన్నాను. మాటతో పాటు తల ఆడించినట్టున్నాను, చెయ్యి కూడా ఆడింది. అవతలివారు కరెంటు బిల్లు సంగతి అడుగుతుండగా గంగాళం కుర్చీల మీదుగా, పొగగొట్టం మీదుగా, బండల మీదుగా దిగి చెట్టు పక్కన నిలబడింది. అప్పటికి నాలుగు సాయంత్రాల పని అది. ఆనాటి నుంచి నారింజ గోడ కిందికి చేరగానే నేను చేసేది ఇదే: గంగాళం కదలని చదును చోటు చూసి నిలిపి, మౌస్ మీది నుంచి చెయ్యి తీసి, ఫోనును సైలెంటులో పెట్టి, లేచి మంచినీళ్ళు తాగి వస్తాను. ఆట ఆగే ఉంటుంది, మీరు కదపనిదే అక్కడ ఏదీ కదలదు.

గోడ ఎక్కే పద్ధతికి వస్తే, అక్కడ తగిలే నారింజ పండు గుండ్రంగా ఉంటుంది కనుక సమ్మెట దాని పక్కకు తగిలితే జారుతుంది. తల పండుకు సరిగ్గా నెత్తిన పడేలా చాచి, వెంట్రుకవాసి పరీక్ష చేసి, ఏ మాత్రం పక్కకు వాలకుండా నిలువునా లాగాలి. తరువాతి గట్టుకు విసురు అవసరమైనప్పుడు, విసిరే ముందే సమ్మెట తరువాత ఎక్కడ పడాలో కళ్ళతో గుర్తు పెట్టుకోవాలి. గాలిలో ఉండగా వెతుక్కోవడానికి వ్యవధి ఉండదు. మొదటి రెండు మూడు విసుర్లు కావాలనే తక్కువ వేగంతో చేసి, కింది గట్టు మీదికే తిరిగి పడి చూసుకుంటే, ఎంత వేగానికి ఎంత దూరం పోతామో చేతికి తెలుస్తుంది. ఇందులో అదృష్టానికి చోటు లేదు. ఒకేలా లాగితే ఒకేలా పోతాడు. పడిన ప్రతిసారీ తప్పు చేతిదే అని ఒప్పుకోవడం బాధే కాని, ఎక్కిన ప్రతిసారీ గొప్ప కూడా చేతిదే అవుతుంది.

అంతా అయ్యి పడిపోతున్నప్పుడు చేతిని గిరగిరా తిప్పడం మానవ సహజం. దాని వల్ల సమ్మెట ఏ బండనో తన్ని మిమ్మల్ని కొండకు ఇంకా దూరంగా తోస్తుంది. సమ్మెటను కొండ వైపు పూర్తిగా చాచి, చెయ్యి బిగబట్టి ఉంచితే ఎక్కడో ఒకచోట తగిలి ఆగే అవకాశం ఉంటుంది. ఈ ఒక్క అలవాటు నాకు ఎన్నో సాయంత్రాలు మిగిల్చింది.

ఫాడీ గొంతు వినిపించేది కూడా ఎక్కువగా ఇలాంటప్పుడే. మీరు కింద పడి ఉండగా ఓటమి గురించి పెద్దలు చెప్పిన మాటలను ఆయన నింపాదిగా వినిపిస్తాడు, పాత కాలపు పాటలు కూడా వినిపిస్తాయి. మొదట పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. ఒక రకమైన మనుషులను బాధపెట్టడానికే ఈ ఆట చేశానని ఆయన దాపరికం లేకుండా చెప్పినవాడే. అయినా గొంతును ఆపేయమని నేను సలహా ఇవ్వను. సులువుగా దొరికి, సులువుగా పారేసే వస్తువుల గురించి, మళ్ళీ మొదటికి రావడం గురించి ఆయన చెప్పే మాటలు వింటూ ఒక నిమిషం ఊరికే కూర్చుంటే, కోపంతో చేసే రెండో తప్పు తప్పుతుంది. పడిన వెంటనే కసిగా ఎక్కబోతే చెట్టు దగ్గర కూడా తడబడతారు. 2018లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌వారు ఈ ఆటకు నువోవో పురస్కారం ఇచ్చారు. కొత్తదారి తొక్కిన ఆటలకు ఇచ్చే బహుమతి అది.

పాము, మంచు, శిఖరం

నారింజ గోడ పైన కొండ స్వభావం మారుతుంది. దాగలి, బక్కెట్టు వంటి వస్తువులు ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి, ఒక్కొక్క దాని దగ్గర ఒక్కొక్క విసురు అవసరమవుతుంది. నారింజ గోడ మీద వేగాన్ని కొలుచుకున్న చెయ్యికి ఇవి కొత్త పాఠాలు కావు.

ఈ ఎగువ భాగంలోనే ఒక పాము ఉంటుంది. పక్కనే పాము మీద ఎక్కవద్దని ఇంగ్లిషులో రాసిన బోర్డు కూడా ఉంటుంది. చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడినవారికి ఇంతకంటే వివరం అక్కరలేదు. అక్కడ పరమపదానికి కొన్ని గళ్ళ దూరంలో పెద్దపాము నోరు తెరుచుకొని ఉండేది, అది మింగితే పటం అడుగుకు రావలసిందే. ఇక్కడా అంతే, ఎక్కితే నేరుగా ఆట మొదలైన చోటికి జారిపోతారు. తేడా ఏమిటంటే అక్కడ పాము నోట్లో పడేది గవ్వలు చెప్పినట్టు, ఇక్కడ పడేది మన కుతూహలం వల్ల. ఆ పాము మీద ఎక్కి చూడాలని ఉంటే ఒకసారి శిఖరం చేరిన తరువాత, రెండో ప్రయాణంలో ఎక్కండి. కావాలని ఎక్కకపోయినా, అటు వైపు విసురులో కొంచెం దూరం ఎక్కువైతే దాని మీదే పడతారు. కాబట్టి ఆ చుట్టుపక్కల గెంతు కంటే కొక్కేన్నే నమ్ముకోవాలి.

తరువాత మంచు. మంచు మీద ఒరిపిడి తక్కువ కనుక ఇంతవరకు పనికొచ్చిన పక్క నొక్కుళ్ళు, వాలు మీద నిలదొక్కుకోవడాలు పనిచెయ్యవు. నున్నని మంచుకు సమ్మెటను ఆనించి తోస్తే సమ్మెటే జారిపోతుంది. కోసుగా పొడుచుకొచ్చిన అంచులు మాత్రమే నమ్మదగ్గవి. వాటికి తగిలించాక కూడా లాగుడు నిలువునా ఉండాలి, ఇసుమంత పక్కకు పోయినా తల అంచు వెంబడి జారుతుంది. ఇక్కడ నా సలహా ఒక్కటే: మీకు అలవాటైన వేగంలో సగానికి దిగండి. మంచు మీద గంటసేపు కష్టపడి ఒక గట్టు ఎక్కినవారు, ఆ సంబరంలో రెండో గట్టును పాత వేగంతో లాగి పడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను, ఎక్కువసార్లు నా తెర మీదే చూశాను.

మంచు కొండ నెత్తిన ఇనుప చట్రాల టవరు ఉంటుంది. దాని అడ్డకమ్మీలు సమ్మెట కోసమే చేసినట్టుంటాయి. కొక్కెం వెంట కొక్కెం వేసుకుంటూ పోతే నిచ్చెన ఎక్కినట్టే ఎక్కవచ్చు. తొందర అక్కరలేదు, చేతులు వణకడం మాత్రం సహజం. కొసకు చేరాక కిందికి బలంగా లాగి వదిలితే మనిషి పైకి ఎగురుతాడు, గురుత్వాకర్షణ సడలిపోతుంది, ఆకాశం నల్లబడుతుంది. ఆ తరువాత తేలుతూ పైకి పోవడం తప్ప చెయ్యవలసిన పని లేదు.

మొదటి ఎక్కుడుకు ఎన్ని గంటలు పడుతుందని అడిగేవారికి నేను లెక్క చెప్పను. కొందరికి ఐదారు గంటలు, కొందరికి రెండు వారాల సాయంత్రాలు పట్టవచ్చు. సాధన చేసిన ఆటగాళ్ళు ఇదే కొండను రెండు నిమిషాల లోపల ఎక్కేస్తున్నారు. ఒక్కసారి కూర్చుంటే నలభై నిమిషాలకు మించి ఆడకుండా, మధ్యలో మణికట్టును విప్పి తిప్పుకోవడం మంచిది. బిగుసుకుపోయిన మణికట్టుతో వెంట్రుకవాసి పరీక్ష కుదరదు. చెట్టు దాకా పడిపోయిన రోజున మాత్రం ఆపెయ్యకుండా, పొగగొట్టం వరకైనా తిరిగి ఎక్కి ఆపండి. మొదటిసారి నాలుగు సాయంత్రాలు పట్టిన దూరాన్ని రెండోసారి నేను ముప్పావు గంటలో ఎక్కాను. చేతికి వచ్చినది కింద పడదని ఆ రోజే తెలిసింది.

శిఖరం చేరాక ఆట మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు ఈ ఆటను రికార్డు చేస్తున్నారా, ఎవరికైనా ప్రసారం చేస్తున్నారా అని. చేస్తుంటే చేస్తున్నానని నిజమే చెప్పండి. చెయ్యడం లేదంటే తలుపు తెరుచుకుంటుంది, లోపల ఏముందో బయట చూపవద్దన్నది దాని షరతు. తలుపు అవతల శిఖరం చేరినవారు మాత్రమే మాట్లాడుకునే ఒక చాట్ గది ఉంటుంది. అక్కడి నుంచి బయటికి వచ్చి మళ్ళీ కొత్త ఆట మొదలుపెడితే, ఎక్కిన ప్రతిసారికీ గంగాళం నలుపు కొంచెం కొంచెంగా వదిలి బంగారు రంగుకు తిరుగుతుంది. యాభైసార్లు ఎక్కితే పూర్తిగా బంగారు గంగాళం అవుతుంది. నాది ప్రస్తుతానికి ఇత్తడి గంగాళంలా ఉంది.